వాంతులు రాని మందు

ఒళ్ళు బాగున్న రోజుల్లో నేను ఆసుపత్రి కథలు వినేదాన్ని కాదు. పక్కింటామె తన ఆపరేషన్ సంగతి మొదలుపెడితే, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లేచి వచ్చేసేదాన్ని. ఇప్పుడు నా కథ రాయడానికి నేనే కూర్చున్నాను. మీ పొయ్యి మీద పాలుంటే దించి వచ్చి చదవండి, ఆగుతాను.

నా పేరు నాగవేణి. ఎమ్మిగనూరులో అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన లక్ష్మన్న పత్తి రైతు, గోనెగండ్ల దారిలో మా చేను. ఆయన అక్క రాములమ్మ భర్త పోయినప్పటి నుంచి మాతోనే ఉంటుంది, ఇంటికి ఆమే పెద్ద. మా ఒక్క కూతురు కర్నూలు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, వైద్యం జరిగింది, ప్రస్తుతానికి తగ్గింది. మధ్యలో మేము ముగ్గురం కలిసి ఒక తప్పు చేశాం. పత్తి పండించే ఇంట్లో తప్ప ఆ తప్పు ఇంకెక్కడా జరగదనుకుంటాను. ఇంకొకరు చెయ్యకూడదని రాస్తున్నాను. రాస్తే నా గుండె కూడా కాస్త కుదుటపడుతుందని ఆశ.

విత్తనాల రోజులు

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. చాలామంది ఇలాంటిది నెలల తరబడి దాచుకుంటారట. నాకు నోట్లో నువ్వుగింజ నానదు. తల కూడా తుడుచుకోకుండా వదిన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె చేత్తో తడిమి చూసింది.

"నొప్పి ఉండాదా?"

"ల్యాదు వదినా."

"నొప్పి ల్యాని గడ్డనే నమ్మకూడదు. పా, ఆదోనికి పోదాం."

ఆ ఒక్క మాటకు ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను, తర్వాత ఆమె నాకేం తాగించినా సరే.

ఆదోని ఆసుపత్రిలో స్కానింగు తీశారు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చే రోజు తెల్లవారుజామున మాకు మొదటి పెద్దవాన పడింది. పత్తి రైతుకు ఆ వానంటే ఏమిటో మా వైపువాళ్ళకు చెప్పక్కర్లేదు. తడి ఆరేలోగా విత్తనం భూమిలో పడాలి. కూలీలు అప్పటికే చేలో ఎదురుచూస్తున్నారు. మా ఆయన పంచె ఎగ్గట్టుకొని గడప దాకా వెళ్ళాడు. ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నా వైపు చూశాడు. వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కొని చొక్కా వేసుకున్నాడు.

"విత్తనం రేపు పెట్టుకుంటాంలే" అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన వానను కాదని ఇంకో పని చూసుకోవడం అదే మొదలు. బస్సులో వెళ్తుంటే దారి పొడుగునా జనం విత్తనం పెడుతూ కనిపించారు, ఆయన ఆ వైపు కిటికీ వదిలేసి నా వైపు కూర్చున్నాడు.

ఆ ఆసుపత్రి పై అంతస్తులో క్యాన్సర్ రోగులకు సెలైన్లు పెట్టే గది ఉంది. కర్నూలు నుంచి ఒక డాక్టరమ్మ వారానికి రెండు రోజులు వస్తుంది. చిన్న వయసు, మాట నెమ్మది. రిపోర్టు చూసి, చుట్టూ తిప్పకుండా క్యాన్సర్ అని చెప్పింది. గడ్డ పెద్దగా ఉంది కాబట్టి ముందు మందులతో దాన్ని తగ్గించి తర్వాత ఆపరేషన్ చేస్తామంది.

"గడ్డ తగ్గకపోతే మేడమ్?" అని మా ఆయన అడిగాడు.

"అప్పుడు ఆపరేషన్ కష్టమవుతుంది. అందుకే తగ్గించడానికే ఈ మందులు."

అంటే నా బతుకు ఆ గడ్డ తగ్గడం మీద ఆధారపడి ఉంది. నాకు ఆ రోజు అర్థమైంది అంతే. మిగిలిన మాటలన్నీ చెవి పక్కనుంచి పోయాయి.

ఎర్ర మందు

ఆషాఢంలో మొదలుపెట్టి వినాయక చవితి దాటేదాకా నాకు ఎక్కించిన మందు ఎర్రగా ఉంటుంది. అక్కడి రోగులందరూ దాన్ని ఎర్ర మందనే అంటారు. అది ఎక్కించుకొని ఇంటికి వస్తే మూడు నాలుగు రోజులు నేను మనిషిని కాదు. పోపు వాసన వస్తే వాంతి, సబ్బు వాసన వస్తే వాంతి. వదిన చేసిన జొన్నరొట్టె చూస్తే ఏడుపు వచ్చేది, అంత ఇష్టమైనది తినలేకపోతున్నానని. జుట్టు చేతికి కుచ్చులుగా వచ్చేస్తుంటే వదినే కత్తెర తెచ్చి మొత్తం తీసేసింది. అద్దంలో చూసుకుంటే చచ్చిపోయిన మా నాయన కనిపించాడు. అచ్చం ఆయన బోడిగుండే.

మా ఆయన బట్టలకు పురుగు మందు వాసన ఉంటుంది. పత్తికి మందు కొట్టే రోజుల్లో అది ఎలాగూ తప్పదు. ఒకరోజు ఆ వాసనకు తట్టుకోలేక ఆయన మీద నోరు పారేసుకున్నాను. నన్ను ఈ మందుతో కాకుండా ఆ మందుతో చంపుతావా అన్నాను. ఆయన మరుసటి రోజు నుంచి చేలోనే మోటారు దగ్గర స్నానం చేసి, అక్కడే వేరే బట్టలు కట్టుకొని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. వానలో కూడా అలాగే వచ్చేవాడు.

సెలైన్ గదిలో నా పక్క కుర్చీలో మాబున్ని ఉండేది. ఆదోనివాసి, నాకంటే ఆరేడేళ్ళు చిన్నది, నాకంటే ముందే వైద్యం మొదలుపెట్టింది. నేను మొదటిరోజు వణుకుతూ కూర్చుంటే తన దుప్పటి సగం నా కాళ్ళ మీద కప్పింది. "ఫికర్ వద్దక్కా, ఈడ ఏడ్చినా ఎవరూ ఏమీ అనుకోరు" అంది. నేను నిజంగానే ఏడ్చాను, నిజంగానే ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎమ్మిగనూరు బస్సు కండక్టర్ ఒకాయన నా తలగుడ్డ చూసి, అడక్కుండానే ముందు సీటు ఖాళీ చేయించేవాడు. జబ్బు పడితే లోకం ఎంత మంచిదో తెలుస్తుంది. కాకపోతే అందుకోసం జబ్బు పడమని ఎవరికీ చెప్పను.

మా వదిన మాత్రం నా వాంతులు చూసి బాధపడుతూనే లోపల్లోపల తృప్తి పడేది. "మందంటే అట్లుండాల. లోపల పురుగును పట్టుకొని పీకుతాంది" అనేది. మా ఆయన తల ఊపేవాడు.

ఎర్ర మందు విడతలు అయ్యాక డాక్టరమ్మ గడ్డను కొలిచింది. కొంచెం మెత్తబడిందిగానీ అనుకున్నంత తగ్గలేదంది. ఇప్పుడు రెండో మందు, వారం వారం.

దసరా ముందు

రెండో మందు నీళ్ళలా ఉంది. సూది కలిపి కాసేపు కూడా కాలేదు, ముఖం నిప్పుల మీద పెట్టినట్టు మండింది. నడుము పట్టేసింది. ఊపిరి అందలేదు. మాబున్ని గట్టిగా అరవడం, నర్సు పరుగున వచ్చి మందు ఆపడం, మా ఆయన నా చెప్పులు చేత్తో పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడటం, ఇవి గుర్తున్నాయి. నేను చచ్చిపోతున్నాననుకున్నాను. ఇది మాటవరసకు రాస్తున్నది కాదు.

ప్రాణం కుదుటపడ్డాక, నేను ఇంక రాను, నన్ను వదిలేయండి అని చెప్పేశాను. డాక్టరమ్మ నా మంచం మీదే కూర్చుంది.

"తప్పు మందుది కాదు నాగవేణిగారూ. ఆ మందు నీళ్ళలో కరగదు. అందుకని ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రవంలో కరిగించి ఇస్తారు. ఆ ద్రవం మీ ఒంటికి పడలేదు."

ఆ రోజు మాతో వచ్చి, అప్పటిదాకా పక్కన కళ్ళు తుడుచుకుంటున్న వదినకు పౌరుషం వచ్చింది.

"ఆముదమా? మా ఇంట్ల పిల్లోల్లకందరికీ ఆముదం తాపిచ్చే పెంచినాను. ఆముదం పడని మనిషి యాడన్నా ఉంటాదా?"

ఇంట్లో వాడే ఆముదం వేరు, ఇది మార్చిన ద్రవం అని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అదే మందు ఇంకో రూపంలో ఉందట. మన రక్తంలో ఉండే ఒక ప్రోటీన్‌తో మందును జతచేసి నానో కణాలుగా చేస్తారట. ఆముదపు ద్రవం అవసరమే ఉండదట. నేను రోజూ పిల్లలకు గుడ్లు పెట్టే మనిషినని తెలుసు కాబట్టి, తెల్లసొనలో ఉండేలాంటి ప్రోటీనే అని చెప్పింది. గడ్డకు ఆకలెక్కువ, ఆ ప్రోటీన్‌ను తిండి అనుకొని ఎక్కువగా లాక్కుంటుంది, దానితో పాటు మందూ లోపలికి పోతుంది అంది.

"ఎంత చిన్నవంటే, ఒక వెంట్రుక మందంలో ఆ కణాలు వందలు పడతాయి."

"కొలుచుకుందామంటే నాకు వెంట్రుకే ల్యాదు కదమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసే ఇంకోసారి వస్తానని ఒప్పుకున్నాను. శాస్త్రం నాకు అప్పటికి సగమే అర్థమైంది.

తెల్ల మందు

కొత్త మందు పాలలా తెల్లగా ఉంది. దాన్ని చూడగానే మా ఆయన ముఖం వికసించింది. పురుగు మందు నీళ్ళలో పోస్తే తెల్లగా విరిగితేనే అసలైనదని రైతుల నమ్మకం. "బాగా ఇరిగింది మే, మంచి సరుకే" అని నా చెవిలో చెప్పాడు. నేను మంచం పట్టీ గట్టిగా పట్టుకొని, ఊపిరి ఎప్పుడాగుతుందా అని చూస్తూ పడుకున్నాను. ఏమీ కాలేదు. అరగంటలో సీసా అయిపోయింది. లేచి నడిచి కిందికి వచ్చాను.

బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ వాసన వచ్చింది. ఎన్ని నెలల తర్వాతో ఆ వాసనకు నోట్లో నీళ్ళూరాయి. ఒక పొట్లం తిన్నాను. మిరపకాయ బజ్జీ కొరుకుతుంటే కళ్ళనుండి నీళ్ళు కారాయి, కారానికి కొంత, సంతోషానికి కొంత. మా ఆయన తన బజ్జీ కూడా నాకే ఇచ్చి, నేను తినడం చూస్తూ కూర్చున్నాడు. మొదట సంతోషంగానే చూశాడు. పొట్లం ఖాళీ అయ్యేసరికి ఆయన ముఖంలో ఏదో అనుమానం వచ్చింది.

రెండో వారం కూడా అంతే. మూడో వారం ఇంటికి వచ్చి వంకాయ కూరతో రొట్టెలు తింటుంటే వదిన నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నాగేణీ, నిజం సెప్పు. కడుపుల ఏమన్నా తిప్పుతాండాదా?"

"ల్యాదు వదినా. ఇంగో రొట్టె వెయ్యి."

"తల తిరగడం?"

"ల్యాదు."

ఆమె తమ్ముడి వైపు చూసింది. "ఏమప్పా లచ్చుమన్నా, ఇది మందేనా? మనిషికి తెలియకుండా మందు పని సేస్తాదా?"

మా ఆయనకు వెంటనే పాత గాయం గుర్తుకొచ్చింది. కొన్నేళ్ళ కింద ఎవరో నకిలీ పురుగు మందు అంటగట్టారు. వాసన లేదు, ఘాటు లేదు, కొట్టినవాడికి దగ్గు కూడా రాలేదు. పురుగు దర్జాగా కాయలన్నీ తినేసింది. అప్పటినుంచి ఆయన మందు కొనేముందు మూత తీసి వాసన చూస్తాడు. కళ్ళు మండితేనే తీసుకుంటాడు. పురుగు ఎక్కువగా ఉంటే ఒక్క మందుతో ఆగడు, రెండు మూడు రకాలు డ్రమ్ములో కలిపి కొడతాడు. మా ఊళ్ళో అందరూ చేసేది అదే.

"ఆ డాక్టరమ్మ మంచిదే. మందు పంపినోళ్ళు మోసం సేసినారేమో, ఎవరికి తెలుసు" అన్నాడు.

నేను కాదనలేదు. ఎందుకంటే రోజూ చేత్తో చూసుకుంటున్నాను, గడ్డ అలాగే ఉంది. ఎర్ర మందు అంత హింస పెట్టి కొంచెమే మెత్తబరచింది. ఇది నన్ను ఏమీ అనడం లేదు, మరి దాన్ని మాత్రం ఏమంటుంది? మా ముగ్గురి బుర్రా ఒకే దారిలో పోయింది.

వదిన ఒక పల్లెకు పోయి, పసరు పోసే ముసలాయన దగ్గర నుంచి చెంబెడు పచ్చని పసరు తెచ్చింది. తెల్ల మందు మానొద్దు, దానికి ఇది తోడు అంది. "ఒక్క మందుకు సావని పురుగు కలిపి కొడితే సస్తాది. నీ మొగుడు సేసేదే కదా" అంది. పరగడుపున తాగాను. చేదు అంటే మామూలు చేదు కాదు. ఇంకా గ్లాసు కింద పెట్టకముందే వాంతి మొదలైంది. మధ్యాహ్నం దాకా ఆగలేదు.

నేను దొడ్లో గోడ పట్టుకొని కక్కుతుంటే, వెనక వదిన నా నడుము పట్టుకొని, "పట్టిందప్పా, పట్టింది!" అని తమ్ముణ్ణి కేక వేసింది. ఆయన పరుగున వచ్చి చూశాడు. ఇద్దరి ముఖాల్లో వెలుగు చూసి, నాకు కూడా హమ్మయ్య అనిపించింది. ఆ దృశ్యం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, వెంటనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకో రెండు ఉదయాలు తాగాను.

డాక్టరమ్మ ముందు

తర్వాతి వారం ఆదోనికి వెళ్ళేసరికి కాళ్ళలో సత్తువ లేదు, ఒళ్ళంతా దురద. మాబున్ని నన్ను చూసి తన కుర్చీ నుంచి లేచి వచ్చింది. నా గడ్డం పట్టుకొని ముఖం వెలుతురుకు తిప్పింది.

"అక్కా, నీ కండ్లు చూడు, పసుపు లెక్క అయినాయి. ఏం తిన్నావు?"

రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మ ఆ కాగితం చూసి మా ముగ్గుర్నీ లోపలికి పిలిచింది. కాలేయం దెబ్బతిందంది. తెల్ల మందుతో ఇంత తొందరగా ఇలా కాకూడదు, ఇంకేమైనా తీసుకున్నారా అని అడిగింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. చివరికి మా ఆయనే చెప్పాడు.

"పసరు తాపిచ్చినాం మేడమ్."

"ఎందుకు?"

"వాంతులు కాలేదు మేడమ్, దానికి."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన నకిలీ మందు సంగతి, డ్రమ్ములో కలిపి కొట్టడం, అన్నీ విడమరిచి చెప్పాడు. కేకలేస్తుందనుకున్నాను. కేకలేసి ఉంటే బాగుండేది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకుంది.

"వాంతి మందు బలానికి గుర్తు కాదు లక్ష్మన్నగారూ. మందు గడ్డతో పాటు ఆమె కడుపుకూ తగులుతోందనడానికి గుర్తు. ఒళ్ళంతా తగలడం తగ్గించి, గడ్డకు ఎక్కువ చేర్చాలనే ఈ కణాలు తయారుచేశారు. ఆమె బజ్జీలు తినగలిగిందంటే మనం సంతోషించాలి."

మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అంటే, కాండానికి బొట్టు పెట్టినట్టా మేడమ్?"

ఈసారి కూడా ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. పత్తి మొక్క లేతగా ఉన్నప్పుడు, చేనంతా కొట్టకుండా, బ్రష్‌తో కాండం మీద ఒక్కచోట మందు పూస్తారు. మొక్క దాన్ని పీల్చుకుంటుంది. మొక్క రసం తాగే పురుగు ఆ రసంతోపాటు మందు తాగి చస్తుంది. చేలో వాసన ఉండదు, పూసినవాడికి కళ్ళు మండవు, పంటకు మేలు చేసే సాలీళ్ళు, అక్షింతల పురుగులు బతికే ఉంటాయి. మా మామగారు బతికుండగా చేసేవాడు. ఒక్కో మొక్క దగ్గర వంగాలి కాబట్టి ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు.

డాక్టరమ్మ శ్రద్ధగా విని, "దగ్గరగానే ఉంది" అంది. "కానీ పూర్తిగా అంత గురి ఉండదు. ఆమెకు జుట్టు రాదు ఇప్పట్లో. వేళ్ళు తిమ్మిర్లు పట్టొచ్చు. అయినా పాత పద్ధతికంటే ఈమెకు ఇదే మేలు."

మా ఆయన తలకొట్టుకున్నాడు. "మా నాయన సేసిన పనే కదమ్మా. నాకు యాల తట్టలేదో" అన్నాడు.

కాలేయం కోలుకునేదాకా మందు ఆపేశారు. ఎన్నాళ్ళని అడిగితే, రక్తం చూసి చెప్పాలంది. ఈలోగా గడ్డ పెరుగుతుందా అని అడిగాను.

"పెరగొచ్చు. మీకు అబద్ధం చెప్పను."

పత్తి తీసే రోజులు

దీపావళి ముందూ వెనకా మేము గడిపిన రోజులు పగవాళ్ళకు కూడా వద్దు. చేలో పత్తి పగిలింది. కూలీలు తీస్తున్నారు. ఇంట్లో ఒక మూల పత్తి నింపిన బోరేలు, ఇంకో మూల నేను. చేయి ఊరికే ఉండనిచ్చేది కాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గడ్డను తడిమి చూసుకునేదాన్ని. ఒకసారి పెరిగినట్టుండేది, ఇంకోసారి అంతే ఉన్నట్టుండేది. భయం ఎలా ఉంటుందో ఆ రోజుల్లో తెలిసింది. అన్నం నోట్లో పెట్టుకొని నమలడం మరచిపోయేదాన్ని. కూతురు ఫోన్ చేస్తే గొంతు సరిచేసుకొని, బాగున్నానే, చదువుకో అనేదాన్ని.

వదిన నాతో మాట్లాడటం మానేసింది. కోపంతో కాదు. గంజి తెచ్చి పక్కన పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయేది. తను తినడం తగ్గించేసింది. ఒకరోజు వంటింట్లో ఒక్కతే కూర్చొని కళ్ళు తుడుచుకుంటుంటే నాకు తిక్క రేగింది.

"ఏమి వదినా, నువ్వు గూడా మంచం పడితే నాకెవరు సేస్తారు? నీ తమ్ముడు సేస్తాడా? ఆయప్పకు గంజి కాయడం వచ్చునా?"

"నా సేతులతో తాపిచ్చినాను కదే నీకు" అంది.

"నా నోటితో తాగినాను కదా. నువ్వు నా ముక్కు మూసి పోసినావా?"

ఆమె నన్ను పట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం కలిసి ఒకే పళ్ళెంలో తిన్నాం. ప్రేమతో చేసిన పనిని తప్పు పట్టడం చాలా కష్టం. తప్పని చెప్పక తప్పదు, కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా ఆయన పత్తి వేసుకొని ఆదోని మార్కెట్టుకు వెళ్ళిన రోజే నా రక్తపరీక్ష రిపోర్టు కూడా రావాలి. పత్తి రేటు ఎంత పలికిందో ఆయన ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు. బండి దిగుతూనే గుమ్మంలో నుంచి కేక వేశాడు.

"కామెర్లు దిగినాయంట మే! సోమవారం రమ్మనింది!"

చలికాలం

మళ్ళీ తెల్ల మందు. ఈసారి దారిలో ఉగ్గాని తిన్నా ఎవరూ అనుమానంగా చూడలేదు. పైగా నేను ఒకసారి వద్దంటే, "ఏమి, ఒంట్ల బాగలేదా?" అని మా ఆయన కంగారుపడ్డాడు. వేళ్ళ కొసలు, అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలిసేది కాదు. ఒకసారి బస్టాండులో ఒక చెప్పుతోనే బస్సెక్కాను.

ఒక ఉదయం స్నానాల గదిలో, అలవాటు ప్రకారం చేత్తో చూసుకున్నాను. గడ్డ దొరకలేదు. తిమ్మిరి వేళ్ళు కదా, వాటిని నమ్మడానికి లేదు. వదినను కేకేశాను.

"వదినా, యాడుందో నువ్వు సూడు. నాకు తెలుస్తా ల్యాదు."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకొని వచ్చి వెతికింది. పక్కలకు, కిందికి, చంకదాకా వెతికింది. మొదటిరోజు ఎంత నెమ్మదిగా చూసిందో అంత నెమ్మదిగా.

"ఈడ ల్యాదు నాగేణీ" అంది. "యాడా ల్యాదు."

ఆ తడి గచ్చు మీదే ఇద్దరం కూర్చుండిపోయాం. చలికి వణుకుతున్నానని కూడా నాకు తెలియలేదు.

ఎండలు మొదలయ్యేసరికి కర్నూలులో ఆపరేషన్ అయింది. కూతురు వచ్చి నా పక్కనే ఉంది. తీసిన భాగాన్ని పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ మా ఆయన్ని పిలిచి, అందులో బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటి కూడా కనిపించలేదని చెప్పింది. జాగ్రత్తగా ఉండాలి, పరీక్షలకు వస్తూ ఉండాలి, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలి, అవన్నీ కూడా చెప్పిందట. ఆయనకు మొదటి మాట తప్ప ఏదీ వినబడలేదు. వచ్చి నా మంచం పక్కన నిలబడి, రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టాడు. అందరూ చూస్తున్నారని నేను తిట్టాను.

ఇప్పుడు

మాబున్నికి కూడా నయమైంది. ఆమె తీసుకున్నది ఆముదం కలిసిన పాత మందే, ఆమె ఒంటికి అది బాగానే పడింది. అందుకని కొత్త మందే గొప్పదని నేను ఎవరికీ చెప్పను. ఎవరికి ఏది పడుతుందో డాక్టరు చూస్తారు. నేను చెప్పేది ఒక్కటే. మందు మిమ్మల్ని హింసించడం లేదంటే పని చెయ్యడం లేదని కాదు. అనుమానం వస్తే చెంబు పట్టుకొని పల్లెకు పోకండి, డాక్టరునే అడగండి. సిగ్గుపడకుండా, వాంతి కాలేదేమి అని అడగండి. నవ్వితే నవ్వుతారు.

ఎవరెవరికి కృతజ్ఞత చెప్పాలో ఆలోచిస్తే తెల్లవారుతుంది. పేరు తెలియని ఎవరో ఎక్కడో కూర్చొని, వెంట్రుకలో వందో వంతు కూడా లేని కణంలోకి మందును ఎలా చేర్చాలా అని ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకొని ఉంటారు. వాళ్ళకు ఎమ్మిగనూరు ఎక్కడుందో తెలియదు. అయినా నేను మళ్ళీ పిల్లలకు గుడ్లు పంచుతున్నాను. నా జుట్టు పిల్లల జుట్టంత అయ్యిందని వాళ్ళకు ఒకటే సంబరం.

వేళ్ళ తిమ్మిరి మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఆపరేషన్ అయిన వైపు చేయి సరిగ్గా వంగదు. అందుకని రవికె హుక్కులు పెట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు. వదిన పెడతానంటే మా ఆయన ఒప్పుకోలేదు. చేలోకి పోయేముందు తనే నా ఎదురుగా కూర్చొని పెడతాడు. పార పట్టే మొరటు వేళ్ళు, ఆ సన్నని హుక్కు ఒక పట్టాన దొరకదు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే పెడతాడు. పైది పెట్టడం అయ్యాక, ఆపరేషన్ చేసిన చోట ఒక్క క్షణం చెయ్యి ఉంచి లేస్తాడు.

మొన్న ఉదయం ఆయన ఆలస్యం చేస్తే నేనే ప్రయత్నించాను. ఒకటి పడింది. రెండోది కూడా పడింది. చూస్తుండగా అన్నీ పెట్టేసుకున్నాను. ఎంత సంతోషమేసిందో, కేక వేసి చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు వినబడింది.

గబగబా అన్నీ విప్పేసి కూర్చున్నాను.

"ఇట్ల తిరుగు మే" అన్నాడు ఆయన. తిరిగాను.